పాత బల్ల మీద మోగిన ఫోన్

మొన్న నా సెల్‌ఫోన్ పాడైపోతే పేట్ బషీరాబాద్‌లో కొత్తది కొన్నాం. కండ్లకోయ కాలేజీలో పాఠాలు చెప్పే మా కోడలు సాయంత్రం ఇంటికి రాగానే దాన్ని ముందేసుకుని కూర్చుంది. పాతదాంట్లోని నంబర్లన్నీ ఎక్కడో భద్రంగా ఉన్నాయట, ఒక్కచోట వేలు పెడితే కొత్తదాంట్లోకి దిగివస్తాయట. నేను చాయ్ తాగడం పూర్తయ్యేలోపు నిజంగానే దిగివచ్చాయి. ఆ పొడుగాటి నంబర్ల నడుమ ఇరవై ఒకటి, ఇరవై రెండు అని నేనెప్పుడో ఎక్కించుకున్న, రెండే అంకెలున్నవి రెండు కనబడేసరికి, "మామయ్యా, ఇవేం నంబర్లు? తీసెయ్యనా?" అని అడిగింది. కాస్త ఆగమ్మా అన్నానేగాని, నా మనసు అప్పటికే మేడ్చల్ రోడ్డు మీది మా పాత ఆఫీసుకు వెళ్లిపోయింది.

అది కోడిపిల్లల హేచరీ. గుడ్లను మిషన్లలో పొదిగించి, పిల్లలు బయటపడిన రోజే రైతులకు పంపేవాళ్లం. యజమానులు ఇద్దరు అన్నదమ్ములు, మేమంతా పెద్దపటేల్, చిన్నపటేల్ అనేవాళ్లం. మిషన్లు, గుడ్లు పెద్దాయన చూసుకునేవారు. ఏ వ్యాను ఏ ఊరికి పోవాలో, ఏ రైతు షెడ్డు సిద్ధమైందో చిన్నాయన నోట్లోనే ఉండేది. ఒకే గదిలో ఎదురెదురు బల్లలు, వాటిమీద రెండు ఫోన్లు, ఇరవై ఒకటి అన్నది, ఇరవై రెండు తమ్ముడిది. బయటి నుంచి వచ్చే ఫోన్లను ఆఫీసు చూసుకునే నేను అందుకుని, గోడకు బిగించిన ఎక్స్ఛేంజ్ డబ్బా ద్వారా ఎవరివి వారికి కలిపేవాణ్ణి.

ఆ డబ్బా బిగించినాయన కౌకూర్ నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. మొదటిరోజే నాకొక మాట చెప్పాడు: "సార్, గీ డబ్బా కాలితే ఇంకో డబ్బా వస్తది. గని దాంట్ల మన నంబర్లు, ఏది ఏ బల్ల మీద మోగాల్నో, రావు. ఫ్లాపీల ఎక్కించి ఒకటి ఆఫీసుల పెట్టున్రి, ఒకటి ఇంట్ల పెట్టుకోన్రి." రోజూ డైరీ రాయనిదే నిద్రపట్టని మనిషిని, ఇలాంటి పని చెబితే వదులుతానా! డబ్బాకు ఆఫీసు కంప్యూటర్ తగిలించి, ఆఫీసు ఫ్లాపీలోకి శనివారం శనివారం ఎక్కించేవాణ్ణి. శామీర్‌పేటలోని మా ఇంటి ఫ్లాపీని మాత్రం ఆర్నెల్లకోసారి మార్చేవాణ్ణి.

ఒక యేడు బోనాల తర్వాత అన్నదమ్ములకు చెడింది. రోడ్డు పక్క భూమిని ప్లాట్లు చేద్దామని తమ్ముడు, షెడ్ల మీద చెయ్యి వేయనివ్వనని అన్న. తమ్ముడు ఆవరణ చివర సామాన్ల గది ఖాళీ చేయించుకుని అందులోకి మారిపోయాడు. ఇరవై రెండు నంబరును అక్కడికి మార్చిందీ నేనే. పాత బల్లనూ దానిమీది ఫోన్‌నూ తీయించబోతే పెద్దపటేల్ "ఉండనీ, నీకేమన్న అడ్డమా?" అని కసిరారు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఒకరి కబురు ఒకరికి మోయడం నా ఉద్యోగంలో కొత్తగా చేరింది.

దసరా వచ్చింది. వాళ్ల తల్లి, మేమంతా అవ్వ అనే ఆ పెద్దామె, ఆయుధపూజ నాడు దేన్నీ వదిలేది కాదు. వ్యాన్లు, జనరేటరు, పొదిగే మిషన్లు, నా టైపు మిషను, చివరికి ఎక్స్ఛేంజ్ డబ్బా, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టింది. డబ్బా పక్కనే ఉన్న ఫ్లాపీకి పైన పెడితే ఏం లాభమనుకుందో ఏమో, దాని చిన్న రేకు తలుపు జరిపి, లోపల మెరుస్తున్న బిళ్లకే నిండుగా బొట్టు పెట్టింది.

మర్నాడు సాయంత్రం వానలో పిడుగు పడింది, డబ్బా కాలిపోయింది. తెల్లవారితే మిషన్లలోంచి పిల్లలు దిగే రోజు. గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల ఎవరికోసమూ ఆగదు, ఆ రోజే రైతు షెడ్డులో వెచ్చటి బల్బు కిందికి చేరాలి. చేరకపోతే ఆ పసుపుపచ్చటి ప్రాణాలు అట్టపెట్టెల్లోనే పోతాయి.

కౌకూర్ ఆయన పొద్దున్నే కొత్త డబ్బా తెచ్చి బిగించాడు. ఆఫీసు ఫ్లాపీని కంప్యూటర్‌లో పెడితే గుర్రుమనడమే తప్ప చదవలేదు. బయటికి తీసి చూసి నెత్తి పట్టుకున్నాడు. "ఎవలు సార్ దీనికి బొట్టు పెట్టింది?" అంటే, గుమ్మంలో ఉన్న అవ్వ "నేనే బిడ్డా, ఎందుకు, సాల్లేదా?" అంది. నేను స్కూటర్ మీద శామీర్‌పేట పోయి ఇంటి ఫ్లాపీ తెచ్చాను. అదృష్టంకొద్దీ అది చదివింది. డబ్బా లేచింది, ఫోన్లు మోగడం మొదలైంది.

మోగాయి సరే, అది బోనాలకు ముందు ఎక్కించిన ఫ్లాపీ. డబ్బా లెక్కలో అన్నదమ్ములకు ఇంకా చెడనే లేదు. చిన్నపటేల్ కోసం వచ్చిన ప్రతి ఫోనూ పెద్దపటేల్ ఎదుట, ఆ పాత బల్ల మీదే మోగుతోంది. చివరి గదిలో చిన్నపటేల్ బల్ల మీది ఫోన్ ఉలుకూ పలుకూ లేదు. మార్చలేమా అంటే కౌకూర్ ఆయన "ఎందుకు మార్చలేం సార్? గని మీ ఫోన్ తోనే మార్చాలె, మారుస్తున్నంతసేపు అది నా చేతుల ఉంటది. రైతుల ఫోన్లు ఎవలెత్తుతరు మరి?" అన్నాడు.

అవతల పెట్టెల్లో పిల్లల కీచుకీచులు, ఇవతల ఆగని ఫోన్లు. పెద్దపటేల్ ఎదుటి బల్ల దగ్గరికి లేచి వెళ్లి మొదటిది తనే ఎత్తారు. ఏ వ్యాను ఎటు పోతుందో ఆయనకేం తెలుసు! రెండోది ఎత్తారు. మూడోది మోగేసరికి కిటికీ దగ్గరికి వెళ్లి, అన్ని నెలల తర్వాత మొదటిసారి ఆవరణంతా వినబడేలా పిలిచారు.

"ఒరే చిన్నోడా! నీ రైతులు నా పానం తింటున్నర్రా! జల్దీ వచ్చి నీ ఫోన్ నువ్వెత్తు!"

పెద్దపటేల్ తిరిగి వచ్చి తమ్ముడి కుర్చీలో కూర్చునేసరికి చిన్నపటేల్ గుమ్మం దాకా వచ్చి ఆగాడు. ఫోన్ మోగుతూనే ఉంది. "నా కుర్చీల నువ్వు కూసుంటే నేనేడ కూసోవాలె అన్నా?" అన్నాడు. పెద్దాయన లేచి తన కుర్చీలోకి వెళ్లారు. ఆ తర్వాత నాకు ఫోన్లు కలపడం తప్ప ఇంకో ధ్యాస లేదు. తమ్ముడు ఊరి పేరు అరవడం, అన్న పెట్టెలెక్కించమని కేకేయడం, వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి గేటు దాటడం. మధ్యాహ్నానికి ఆవరణలో కీచుమన్న శబ్దం లేదు.

అవ్వ ఇద్దరికీ చాయ్ తెచ్చి, "నా పసుపు వట్టిగ పోయిందా? ఊకె నెత్తి పట్టుకున్నరు" అని నావైపు చూసి మూతి తిప్పింది. కౌకూర్ ఆయన సంచీ సర్దుకుంటూ, ఇగ నంబరు కొత్త గదికి మార్చాల్నా అని అడిగాడు. చిన్నపటేల్ అన్నవైపు చూడకుండానే, "ఉండనీ తీ" అన్నాడు.

భూమి తగువు ఆ ఒక్కరోజుతో తీరిందని చెప్పను, ఆ గదిలోనే ఇంకా చాలాసార్లు అరుచుకున్నారు. కానీ ఎదురెదురుగా కూర్చునే అరుచుకున్నారు. ఆ శనివారం నేను ఆ అమరికనే కొత్త ఫ్లాపీల్లోకి ఎక్కించి, మరుసటి దసరాకు అవ్వ కోసం ఒక ఖాళీ ఫ్లాపీ విడిగా తీసిపెట్టాను.

ఇప్పుడు అక్కడ హేచరీ లేదు, వరుసగా ఇళ్లు లేచాయి. అవ్వ, పెద్దపటేల్ వెళ్లిపోయారు. చిన్నపటేల్ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాడు, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటాం. నా రోజులు హాయిగానే గడుస్తున్నాయి, లోటేమీ లేదు. ఒక్కటే అనిపిస్తుంది. ఆ రోజుల్లో నంబరు బల్లకుండేది, ఫోన్ మోగితే మనిషి ఆ బల్ల దగ్గరికి రావలసిందే. ఇప్పుడు నంబరు ఎవరి జేబులో వారికుంది. అలిగి ఎంత దూరం పోయినా అది వెంటే పోతుంది, దానికోసం ఎవరూ ఎవరి గుమ్మమూ ఎక్కనక్కర్లేదు.

కోడలు ఇంకా తెర మీద వేలు పెట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది.

"ఉండనీ తీ అమ్మా," అన్నాను.