ఉల్టా చూడీ

సొమ్మొకడిది, సోకొకడిది అంటారే, ఆ సామెత నా కోసమే పుట్టిందని నేను రెండేళ్ళు నమ్మాను. బండి నాది. యుద్ధం అయిపోయాక తిరుమలగిరి మైదానంలో మిలిటరీ పల్టన్ వాళ్ళు పాత బండ్లను హర్రాజు వేసినప్పుడు, పొద్దంతా ఎండలో నిలబడి పాడుకున్నది నేను. ముందు ఇద్దరు కూర్చునే కేబిన్, వెనక తెరిచిన తొట్టి ఉన్న అమెరికా పికప్. సీతాఫల్‌మండిలో మా గల్లీ మొత్తానికి మోటారు అదొక్కటే. అయినా మా గల్లీ జనం దాన్ని ఏమని పిలిచేవాళ్ళు? మిస్త్రీ బండి!

మిస్త్రీ అంటే మా ఎదురింటి అతను. రైల్వే కార్ఖానాలో ఫిట్టరు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. ఓరుగల్లు వైపు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం వాళ్ళది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నన్ను అన్నా అనేవాడు, నా భార్యను వదినె అనేవాడు. నేను ఆజామాబాద్‌లో ఒక కార్ఖానాలో స్టోరు గుమాస్తాను. రోజూ పొద్దున తొట్టిలో చెక్కబల్ల వేసి, మా కార్ఖానా వాళ్ళను నలుగురిని ఎక్కించుకుని పనికి పోయేవాణ్ణి. పోయేవాణ్ణి అంటే, బండికి మనసు పుడితే.

దానికి నా చేతిలో మనసు పుట్టేది కాదు. ముందు హ్యాండిల్ దూర్చి పదిసార్లు, ఇరవైసార్లు తిప్పేవాణ్ణి. చొక్కా తడిసిపోయేది. ఒకసారి హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్టు వాచింది. తొట్టిలో కూర్చున్న నలుగురూ నన్ను చూడటం మానేసి ఎదురింటి వైపు చూసేవాళ్ళు. ఇంతలో మిస్త్రీ లుంగీ ఎగగట్టుకుని, నోట్లో వేపపుల్లతో వచ్చేవాడు. ఏదో తీగ కదిపేవాడు, ఏదో మూత ఊదేవాడు, ఒక్కసారి తిప్పేవాడు. భగ్గుమనేది! తొట్టిలోంచి అందరూ ఒకేసారి, "షాబాష్ మిస్త్రీ!"

పెట్రోలు దొరకని రోజులవి. నిజాం సంస్థానంలోకి బయటి సరుకు రావడం లేదు. పెట్రోలుతో షురూ చేసి, ఇంజన్ వేడెక్కాక గ్యాసునూనె, అదే కిరసనాయిలు, మీదికి మార్చే ఉపాయం కనిపెట్టింది కూడా అతనే. ఎప్పుడు మార్చాలో చెవితో చెప్పేవాడు. "గిప్పుడు మార్చన్నా" అనేవాడు. నేనూ చెవి రిక్కించేవాణ్ణి. నాకు ఇంజన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. నేను మారిస్తే నల్లటి పొగ కక్కి ఆగిపోయేది.

దాచడం ఎందుకు, కుళ్ళిపోయాను. పొద్దున్నే ఎదురింటి గొళ్ళెం చప్పుడు వింటే కడుపులో మంట లేచేది. మా ఇంట్లో ఆవిడేమన్నా తక్కువా? "మిస్త్రీ అన్న చెయ్యి పడితే రోలు సుత ఉరుకుతది" అని నా ముందే పక్కింటావిడతో నవ్వింది. పొరుగింటి పుల్లకూర రుచి మరి! పైగా ఆ మనిషి చెడ్డవాడైనా బాగుండేది. పిడికెడు గర్వం లేదు. "మన బండి మంచిదన్నా, జెర ప్రేమతోని చూడాలె, గంతే" అనేవాడు. మన బండి! ఎవడిచ్చాడు నీకు అందులో వాటా అని లోపల పళ్ళు నూరేవాణ్ణి. పైకి మాత్రం, "చాయ్ తాగిపో తమ్మీ" అనేవాణ్ణి.

నాకు కావలసింది ఒక్కటే. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క పని, అతని చెయ్యి పడకుండా నేను చేయాలి. ఆ తర్వాత గల్లీ దాన్ని నా బండి అనాలి. అందుకు బండి ముందరి ఎడమ చక్రం దొరికింది. గుంతలో పడ్డప్పుడల్లా టకటకమని కొట్టుకుంటోంది. నట్లు బిగిస్తే సరిపోతుందని నాకే తట్టింది. మిస్త్రీని పానా అడగడం ఇష్టం లేక మా కార్ఖానా స్టోరులోంచి పెద్ద పానా ఒకటి అడిగి తెచ్చుకున్నాను.

ఆ సాయంత్రం మోండా మార్కెట్‌కు పోయి కూరగాయలు తెచ్చేసరికి, మా ఆవిడ పొంగుతున్న పాలు దించుతూ ఒక కబురు చెప్పింది.

"మిస్త్రీ అన్న వచ్చిపోయిండు. చెప్పుమన్నడు, ఏందో... ఎడమ దిక్కు చూడీ ఉల్టా ఉన్నదట."

"చూడీయా? ఏం చూడీ?"

"ఏమో, నా గాజులు చూసి అన్నడేమో" అని ఎడమ చెయ్యి ముందుకు చాపింది. చేతికి ఆకుపచ్చ గాజులు, కొత్తవి. "మొన్న మోండాల ఏసుకున్న. మూడు దినాలైంది. నీకు కండ్లవడ్డయా?"

పడలేదు. మూడు రోజులు నా కళ్ళ ముందే గలగలలాడాయి, నాకు కనపడలేదు. ఎదురింటివాడికి కనపడ్డాయి! ఉర్దూలో చూడీ అంటే గాజే కదా. నా బండి చాలలేదు, ఇప్పుడు నా పెళ్ళాం గాజులు సీదానా ఉల్టానా అని చెప్పే దాకా వచ్చాడన్నమాట. ఏమన్నాడో పోయి అడుగుదామని గడప దాకా వెళ్ళి ఆగిపోయాను. అడిగితే పరువు తక్కువ. ఆ రాత్రి అన్నం మీద అలిగాను. ఎందుకు అలిగానో ఆమెకు తెలియదు, చెప్పడానికి నాకు ముఖం లేదు.

తెల్లారి కోపమంతా పానా మీద పెట్టాను. చక్రానికి ఆరు నట్లు. ఏ నట్టయినా కుడికి తిప్పితే బిగుస్తుంది, ఎడమకు తిప్పితే ఊడుతుంది, అది ఎవరికి తెలియదు! కుడికి బలమంతా పెట్టి తిప్పాను. కిర్రుమని కదిలింది. ఆహా, బిగిసింది! ఎక్కువ తిప్పితే ఎక్కడ తెగుతుందోనని ప్రతిదాన్నీ కొంచెం తిప్పి వదిలాను. అప్పుడే మిస్త్రీ సైకిలు మీద డ్యూటీకి పోతూ ఆగాడు.

"అన్నా, వదినె చెప్పిందా?"

"చెప్పింది, చెప్పింది" అన్నాను, తల ఎత్తకుండా.

"మంచిది మరి" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజే ఇండియన్ యూనియన్ సైన్యం హైదరాబాద్ మీదికి బయలుదేరిందని తెలిసింది. కార్ఖానా మూతపడింది. బండి నిలబెట్టిన చోటే ఉంది. అంతకు ముందు నెలల్లో, రజాకార్ల భయానికి, మా ఇంటి తలుపులు పొద్దుగూకకముందే మూసుకునేవి. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు, అంతా తారుమారైంది. మా తలుపులు తెరుచుకున్నాయి. జనం దండలు పట్టుకుని పెద్ద రోడ్డు మీదికి పోయారు. ఎదురింటి తలుపులు మూసుకున్నాయి. రెండు రోజులు వాళ్ళ పొయ్యి పొగ కూడా నేను చూడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం మిస్త్రీ మా పెరటి వైపు నుంచి వచ్చాడు. గడ్డం మాసింది. నిలబడే మాట్లాడాడు.

"అన్నా, అమ్మను, ఇంట్లదాన్ని, పిల్లలను ముషీరాబాద్‌ల మా బామ్మర్ది ఇంట్ల దించాలె. ఆడ మావోళ్ళు శానమంది ఉన్నరు. నేను నడిపిస్తే తొవ్వల ఆపుతరేమో. నీ బండి జెర తీస్తవా?"

నీ బండి. రెండేళ్ళుగా ఎవరో ఒకరి నోట వినాలని కాచుకున్న మాట అది. విన్నాక నాకేమీ తియ్యగా అనిపించలేదు. అయినా సిగ్గు విడిచి చెబుతున్నాను, స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఛాతీ పొంగింది. మిస్త్రీ ఒక్కసారి హ్యాండిల్ తిప్పి, వెనక తొట్టిలో తన వాళ్ళ పక్కన కూర్చుని పైన టార్పాలిన్ కప్పుకున్నాడు. ఇవాళ నేను లేకపోతే నీకు దిక్కెవరు అని మనసులో అనుకున్నాను కూడా.

చిలకలగూడ దాటి బోయిగూడలోకి వచ్చేసరికి స్టీరింగు చేతుల్లో వణికింది. వెనక నుంచి కేబిన్ మీద దబదబ గుద్దులు.

"ఆపన్నా! ఆపు! ముందటి చక్రం!"

టార్పాలిన్ కిందున్నవాడికి చెవితోనే తెలిసిపోయింది. నాకు స్టీరింగు చేతిలో ఉండి తెలియలేదు. దిగి చూస్తే ఆరు నట్లలో రెండు లేవు. మిగిలిన నాలుగూ వేళ్ళతో తిప్పితే తిరుగుతున్నాయి. ఇంకో ఫర్లాంగు పోతే చక్రం ఊడి బండి పల్టీ కొట్టేది. తొట్టిలో ముసలామె, ఆమె కోడలు, ఇద్దరు పసివాళ్ళు.

ఇటూ అటూ అరుగుల మీద జనం లేచి నిలబడి చూస్తున్నారు. ఎవరి కంటా పడకూడదని బయలుదేరిన మనిషి, పట్టపగలు నడిరోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని పానా పట్టాడు.

"కుడి చక్రంవి రెండు తీసి పెట్టు తమ్మీ, జల్దీ" అన్నాను.

"అవి ఎక్కయన్నా. కుడిదానిది సీదా చూడీ. ఎడమదానివి ఉల్టా చూడీ, ఎడమకు తిప్పితేనే బిగుస్తయి. వెనక ఎడమ చక్రంవి రెండు తీస్త." ఒక క్షణం ఆగి, గొంతు తగ్గించి, "నువ్వు పానా తెచ్చింది చూసి వదినెకు గదే చెప్పి పోయిన కద" అన్నాడు.

మిస్త్రీలు నట్టు లోపలి మరను కూడా చూడీ అనే అంటారు. ఆ సంగతి నాకు అక్కడ, బోయిగూడ రోడ్డు మీద తెలిసింది. గాజూ కాదు, గీజూ కాదు. నా ప్రాణం కోసం పంపిన కబురది. దాన్ని నేను కుళ్ళుతో విని, ఆరు నట్లూ నా చేత్తో నేనే వదులు చేశాను. అర్థం కాకపోయినా "చెప్పింది" అని అతన్ని పంపేశాను కూడా.

టార్పాలిన్ తొలగించి అతని తల్లి కిందికి వంగి చూసింది. "ఏందిరా? ఏమైంది?"

మిస్త్రీ నా వైపు చూశాడు. ఒక్కసారే. నట్టు తిప్పుతూ, "ఏం లేదమ్మా. మొన్న నేనే సరిగ బిగియ్యలే" అన్నాడు.

ముసలామె నా వైపు తిరిగి చెయ్యెత్తి దండం లాంటిది పెట్టింది. "ఏమనుకోకు బిడ్డా. వీనికి తొందరెక్కువ. నీ బండి ఖరాబు జేసిండు."

మిస్త్రీకి పని రాదు, బండి నాది. నేను కోరుకున్న రెండూ ఆమె నోటి నుంచే ఒక్కసారిగా వచ్చాయి. అప్పుడే నిజం చెప్పాల్సింది. "పర్వాలేదు పెద్దమ్మా" అన్నాను! అవును, ఆ మాట కూడా అన్నాను. వాళ్ళను ముషీరాబాద్‌లో దించి, ఖాళీ బండితో ఇంటికి వచ్చాను.

చెబితే నమ్మరు, ఆ తర్వాత నా కుళ్ళు తగ్గలేదు, పెరిగింది. బండి నాది, పేరు అతనిది అని ఏడ్చాను కదా ఇన్నాళ్ళు. ఇప్పుడు తప్పు నాది, దాన్ని కూడా అతనే తీసుకుపోయాడు. మంచితనం కూడా అతనికే పోయింది. నా దగ్గర మిగిలింది ఏముంది? మా ఆవిడకు మాత్రం అంతా చెప్పాను. ఆమె ఎడమ చెయ్యి చూపించి, "ఇగ ఇవన్న కనవడుతున్నయా?" అంది.

కొన్ని వారాలకు వాళ్ళు గల్లీకి తిరిగి వచ్చారు. మర్నాడు పొద్దున్నే నేను ఎదురింటికి పోయాను. ముసలామె గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మిస్త్రీ లోపలి నుంచి వద్దు వద్దని సైగ చేస్తూనే ఉన్నాడు. నేను వినలేదు.

"పెద్దమ్మా, ఆ దినం నట్లు ఖరాబు జేసింది మీ కొడుకు కాదు. నేను. అతను చెప్పి పంపినా ఇనలే."

చాట పక్కన పెట్టింది. నన్ను కిందికి వంగమంది. వంగాను. చెవి పట్టుకుని మెలిపెట్టింది.

"గాడిద కొడకా! బండిల పసిపిల్లలుండిరి గదరా! నోట్ల నాలుక లేకుండెనా ఆ దినం?"

గల్లీ అంతా విన్నది. ఆమె ఇంకా చాలా తిట్టింది, మా అమ్మ కూడా నన్ను అన్ని మాటలు అనలేదు. ఇంతలో మిస్త్రీ బయటికి పోయి ఒక్కసారి హ్యాండిల్ తిప్పాడు, ఇంజన్ భగ్గుమంది, ఎవరో "మిస్త్రీ బండి షురూ అయింది" అని అరిచారు. అలవాటుగా నా కడుపు మండింది. మండనీ. ఆ బండి మూలంగా పూర్తిగా నాకే దక్కింది ఆ తిట్టు ఒక్కటే, అందులో మిస్త్రీకి వాటా ఇవ్వలేదు.