ఉప్పు మీటర్‌కు బదులు

అఫిలియేట్ ప్రోగ్రాములు నడిపేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఫోనులో ఎవరైనా తియ్యగా "మేడమ్, మీ సైట్ చాలా బాగుంది" అని మొదలుపెడితే చాలు, పెట్టేస్తాను. ఈ మంట నాకు ఊరికే రాలేదు.

పెళ్లయ్యాక కోవూరు దాటి సముద్రం వైపు ఉన్న అత్తగారి ఊరికి వచ్చాను. ఊరి చుట్టూ రొయ్యల గుంటలే. అంతకుముందు నేను నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేశాను కనుక, పొద్దునే ఎవరో ఒకరు సీసాలో గుంట నీళ్లు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడేవారు. చెప్పిందే చెప్పి విసుగొచ్చి, అదంతా తెలుగులో రాసి ఒక వెబ్‌సైట్ పెట్టాను. చదివేవాళ్లు పెరిగారు, నడిపే ఖర్చూ పెరిగింది. అప్పుడు ఈ అఫిలియేట్ గాలి నా మీదికి మళ్లింది. నా పేజీలో ఒక వస్తువుకు లింకు పెట్టాలి. దాన్ని నొక్కి ఎవరైనా కొంటే కంపెనీ నాకు కమీషన్ ఇస్తుంది.

ఎగబడి వచ్చినవాళ్లంతా మందులవాళ్లే. రొయ్యను పెంచే పొడి, రోగం రానివ్వని ద్రావణం. డబ్బాలో ఏముంది బాబూ అని అడిగితే, కమీషన్ ఎంతో చెప్పేవారు. వాళ్లలో ఒక్కడైనా గుంట గట్టు ఎక్కి ఉంటాడంటే నేను నమ్మను.

నేను ఒకటే నియమం పెట్టుకున్నాను. నీళ్లలో కలిపే దేనికీ లింకు పెట్టకూడదు. మీటర్లు, రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రేలు, అంతే. షరతులన్నీ కూర్చుని చదివాను. చాలావాటిలో లింకు నొక్కిన రోజే కొంటేనే కమీషన్. మా దగ్గర ఏ రైతు అలా కొంటాడు? బావమరిదికి చూపించాలి, వాట్సాప్ గ్రూపులో అడగాలి, అమావాస్య దాటాలి. అందుకని నెలరోజుల గడువు ఇచ్చే కంపెనీని వెతికి పట్టుకున్నాను. కమీషన్ సంగతి పేజీ అడుగున స్పష్టంగా రాశాను కూడా. ఇంతకంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని ఎవరు చేస్తారని నా ధీమా.

మా ఆయన అక్క, నాకు వదిన, ఆ ఏడు మెడలోది తాకట్టు పెట్టి ఒక గుంట లీజుకు తీసుకుంది. ఆ పంట చేతికొస్తేనే మెడలోది మెడలోకి వస్తుంది. నీళ్లలో ఉప్పు కొలిచే మీటర్ కావాలంటే నా లింకు పంపాను.

ఆమె లింకు నొక్కేలోపు ఆ మీటర్ స్టాకు అయిపోయింది. కంపెనీవాళ్లు నాకు ఒక్క ముక్క చెప్పలేదు. అదే లింకును గుట్టుచప్పుడు కాకుండా రొయ్యను పెంచే పొడి పేజీకి తిప్పేశారు.

మా వైపు మందుల డీలర్ దగ్గర అడిగిన సరుకు లేకపోతే, "అది లేదు, ఇది వాడు" అని ఇంకొకటి చేతిలో పెడతాడు. రైతు మారుమాట లేకుండా తెచ్చుకుంటాడు. పంట దెబ్బతింటే వెళ్లి కూర్చోవడానికి ఆ డీలర్ గుమ్మం ఎలాగూ ఉంది. వదిన నా లింకునూ అలాగే అనుకుంది. మీటర్ లేదు గనుక దానికి బదులు ఈ పొడి వాడమని నేనే చెబుతున్నానని అనుకుంది. తెప్పించింది. గుంటలో చల్లింది.

మర్నాడు తెల్లవారగానే ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయి, అయినా రొయ్యలు ఊపిరాడక పైకి తేలి గట్టు వెంబడి మూగుతున్నాయి. గట్టు మీద ఖాళీ ప్యాకెట్లు. ఇదెవరిచ్చారని అడిగాను.

"నువ్వు పెట్టిందే గదా అని వేసినాను," అంది వదిన.

ఆ పొడే కారణమని నేను ప్రమాణం చేయలేను. కానీ గుంటలో కొత్తగా పడింది అదొక్కటే. చచ్చేలోపు అమ్ముకోవాలని ఆ పూటే వల వేయించాల్సి వచ్చింది. వేలెడైనా లేని రొయ్యలను వ్యాపారి పెదవి విరుస్తూ తూకం వేయించుకున్నాడు.

గట్టు మీదే నిలబడి కంపెనీ మేనేజర్‌కు ఫోన్ చేశాను. వదిన కూడా వినాలని స్పీకర్ నొక్కాను. లింకు తిప్పడం మా పద్ధతే మేడమ్, మీ క్లిక్కు వృథా పోకూడదు కదా అన్నాడు. నా నోటికి వచ్చిన తిట్లు ఇక్కడ రాయలేను. అన్నీ విని, గొంతు ఏమాత్రం మారకుండా అన్నాడు: "కొన్నది మీ పేజీలోంచే కదా మేడమ్. మీ కమీషన్ కూడా పడింది, చూసుకోండి."

వదిన తలెత్తింది. పేజీ అడుగున నేను రాసింది ఆమె ఎప్పుడూ చదవలేదు. ఎంత పడిందని అడిగింది. చూసి చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. చీర కుచ్చెళ్లకు అంటిన బురద దులుపుకుంటూ, నా వైపు చూడకుండా అంది:

"ఇంతేనా? నోరు తెరిచి అడిగుంటే నేనే ఇచ్చుందును గదమ్మా."