మామగారి స్టీరియో, నా హోమ్ థియేటర్, మధ్యలో నా పరువు

గుడియాత్తంలో మా మామగారి వీధికి నా గుణగణాలన్నీ తెలుసు. ఆ నోటా ఈ నోటా తెలిసినవి కావు. ఒక ఆదివారం ఉదయం నిలువెత్తు స్పీకర్లలోంచి, ఎదురింటి రేకుల కప్పు అదిరేలా వినిపిస్తే, వీధి మొత్తం కాఫీ గ్లాసులు చేతుల్లో పట్టుకుని విన్నది. స్పీకర్లు మా మామగారివి. వాటి వెనక వైర్లు కలిపిన మహానుభావుణ్ణి నేను. మీ ఇంట్లో కూడా స్టీరియో ఒకటి, హోమ్ థియేటర్ ఒకటి ఉండి, రెండూ కలిపేద్దామని చెయ్యి దురద పెడుతుంటే, కాసేపు ఆ చెయ్యి జేబులో పెట్టుకుని ఇది చదవండి.

మాకు కొత్తగా పెళ్ళయిన రోజులు. నాకు వేలూరులో ఆఫీసు ఉద్యోగం, సత్తువాచ్చారిలో మేడ మీద అద్దె వాటా. జీతం చేతికి రాగానే బుద్ధిమంతులు బీరువా కొంటారు. నేను హోమ్ థియేటర్ కొన్నాను. టీవీ కింద పెట్టే రిసీవరు, గది చుట్టూ పెట్టే ఐదు చిన్న స్పీకర్లు, మూలన కూర్చుని దబదబలాడే ఊఫరు. సినిమాలో హెలికాప్టర్ వస్తే మన నడినెత్తిన తిరిగినట్టే ఉండేది. కాకపోతే అది వెళ్ళి కింది వాటాలో ఇంటి ఓనరమ్మ వంటింట్లో దిగేది. ఆమె స్టీలు గిన్నెలు గూట్లో నడక మొదలుపెట్టి, అంచుదాకా వచ్చి, ఒకదాని వెనక ఒకటి దూకేవి.

"పైన మీరు సినిమా చూస్తా ఉండారా, పిండి మిల్లు పెట్టినారా?" అని ఆమె మెట్ల మీద నిలబడి అడిగిన రోజున మా ఆవిడ హేమ తీర్పు చెప్పేసింది.

"మా నాయన ఇంట్లో పెట్టేద్దాం. హాలు పెద్దది, గోడలు మందం. వారం వారం పోతానే ఉండాం కదా, ఆడ చూసుకుందురు."

బాగానే ఉంది. కానీ ఆ హాల్లో అప్పటికే ఒక రాజుగారు కొలువై ఉన్నారు. మా మామగారు రైతు, ఊరి బయట కొబ్బరితోపు ఉంది. తోపు తర్వాత ఆయన ప్రాణం పెట్టుకున్నది తన స్టీరియో మీదే. ఒక ఆంప్లిఫయరు, ఒక సీడీ ప్లేయరు, నా భుజం దాకా వచ్చే రెండు టేకు రంగు స్పీకర్లు. పొద్దున స్నానానికి ముందు నాదస్వరం, సాయంత్రం తోపు నుంచి వచ్చాక పాత పాటలు. అత్తగారికి సైతం వాటిని మెత్తటి గుడ్డతో తుడవడానికే అనుమతి, మీట తిప్పడానికి లేదు. అలాంటి కొలువులోకి నా సరంజామా ఆటోలో దిగింది. హాలంతా పెట్టెలే, నేలంతా వైర్లే. ఎవరో సేమ్యాలాంటి ఇడియాప్పం తట్ట బోర్లించినట్టు ఉంది.

అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఇది ఇల్లా, ఎలక్షన్ మీటింగా నాయనా? నేను యాడ నడిచేది?" అన్నారు.

అప్పుడే, చూడండి, నా నోరు జారింది. "రెండూ కలిపేస్తా అత్తా! మామ పెద్ద స్పీకర్లే సినిమాకీ, పాటలకీ పనికొస్తాయి. ముందు పెట్టే నా చిన్న స్పీకర్లు రెండూ తీసేయొచ్చు."

మామగారు అనుమానంగా చూశారు. "నీకు తెలుసునా అల్లుడా?"

"అదేమంత పెద్ద పని మామా!"

ఆ మాట అన్నవాడు ఎప్పుడైనా బాగుపడ్డాడా, మీరే చెప్పండి.

మామగారు తోపుకు వెళ్ళగానే పనిలో దిగాను. నా తెలివి ఎంత తిన్నగా నడిచిందంటే: పెద్ద స్పీకర్లకు స్టీరియో నుంచి వైరు వస్తోంది. నా రిసీవరు నుంచి కూడా ఇంకో వైరు తెచ్చి అక్కడే బిగిస్తే, ఎవరు పాడితే వాళ్ళ పాట వస్తుంది. ఒకే కొళాయికి రెండు ట్యాంకుల నీళ్ళు వదిలినట్టు. బిగించాను. రెండూ ఆన్ చేశాను. ఎడమ స్పీకరు ఒక్కసారి పిల్లి తోక తొక్కినట్టు కీచుమంది. తర్వాత పైభాగంలోంచి కొబ్బరి పీచు మాడిన వాసన వచ్చింది.

వెంటనే డేవిడ్‌కి ఫోన్ చేశాను. డేవిడ్ నా ఆఫీసు స్నేహితుడు, కనియంబాడి నుంచి వస్తాడు, సెలవు వస్తే సౌండ్ బాక్సులు విప్పుకుని కూర్చునే రకం.

"ఒక స్పీకరుకు రెండు ఆంప్లిఫయర్లా?" అని అరిచాడు. "అట్ల యెవుడన్నా చేస్తాడా రా? పెట్టెలు రెండూ బతికినాయా?"

"బతికినాయి. ఎడమ స్పీకర్లో పైన చిన్న బొడిపె ఉంటాది చూడు, అందులోంచి శబ్దం రాలేదు."

"అది ట్వీటరు. సన్న శబ్దాలన్నీ దాంట్లోంచే రావాల. తాళం, గజ్జెలు, మాటలో 'స' అనేది, అన్నీ పోయినాయి. మీ మామ దగ్గర చెప్పేసెయి."

"చెబుతా" అన్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను. ఈలోగా డేవిడ్ ఫోన్లోనే సరైన దారి చూపించాడు: స్పీకర్ల వైర్లు స్టీరియోకే ఉండాలి, రిసీవరు వెనక నుంచి సన్న వైరు ఒకటి తెచ్చి స్టీరియో ఆంప్లిఫయరులోకి గుచ్చాలి. సీడీ వినాలంటే స్టీరియో మీట 'సీడీ' వైపు, టీవీ చూడాలంటే 'ఆక్స్' వైపు. టీవీకి పెట్టినప్పుడు స్టీరియో శబ్దం మాత్రం ఒకే చోట నిలపాలి, పైకి తిప్పకూడదు. తిప్పితే రెండు పెట్టెల బలమూ కలిసి మీద పడుతుంది. ఆ చోటు గుర్తుకోసం అత్తగారి దగ్గర ఒక ఎర్ర స్టిక్కరు బొట్టు అడిగి అంటించాను. ఆమె అది మిషనుకు దిష్టి తగలకుండా అనుకుని ఊదుబత్తి కూడా తిప్పారు.

సాయంత్రం మామగారు వచ్చి, కాళ్ళు కడుక్కుని, సీడీ పెట్టి, కళ్ళు మూసుకున్నారు. నేను తప్పు ఒప్పుకోవడానికి గొంతు సవరించుకున్నాను.

"ఆహా!" అన్నారు ఆయన.

నేను దాన్ని దగ్గుగా మార్చేశాను.

"ఏం చేసినావు అల్లుడా! ముందు కరకరా ఉండె. ఇప్పుడు చూడు, తేనె మాదిరి ఉండాది! ఎంత మెత్తగా ఉండాది!"

సగం సంగీతం కాలిపోయిన స్పీకరు ముందు కూర్చుని ఆ మనిషి తల ఊపుతుంటే, నా స్థానంలో మీరుంటే ఏం చేస్తారు? నేను "అంతా మీ ఆశీర్వాదం మామా" అన్నాను. వేలూరుకు తిరిగి వచ్చాక డేవిడ్ దగ్గర మాత్రం కడుపు పట్టుకుని నవ్వాను. "మా మామ చెవులు కళ్ళజోడు తగిలించుకోడానికే పెట్టుకున్నాడు రా" అని కూడా అన్నాను. ఆ మాటను గుర్తుంచుకోమని డేవిడ్‌కి నేను చెప్పలేదు. వాడే గుర్తుంచుకున్నాడు.

ఇక ఆ ఇంట్లో టీవీ పెట్టడం ఒక పరీక్ష అయిపోయింది. అత్తగారు సీరియల్ మధ్యలో వేలూరుకు ఫోన్ చేసేవారు. "బొమ్మ వస్తా ఉండాది, మాట రాలేదు నాయనా! కోడలు ఏడుస్తా ఉండాది, ఎందుకో తెలీలేదు!" నేను ఆఫీసులో ఫైళ్ళ మధ్య నుంచి, "ఆక్స్ అత్తా! ఆక్స్ వైపు తిప్పండి!" అని అరిచేవాణ్ణి. మా మేనేజరు నన్ను అదోలా చూసేవాడు. ఆక్స్ తిప్పితే మామగారి సీడీ మోగదు, సీడీ తిప్పితే అత్తగారి కోడలు మూగదవుతుంది. ఇద్దరికీ నా మీదే విసుగు. ఆ ఇంట్లో కలిసింది రెండు పెట్టెలే. మిగతా వాళ్ళందరూ విడిపోయేలా ఉన్నారు.

అయినా మామగారు ఊరుకోలేదు. ఆయనకు పేర్ణాంబట్టులో గోవిందస్వామి నాయుడని పాత స్నేహితుడున్నారు. ఆయనకీ స్టీరియో ఉంది, ఆయనకీ చెవులున్నాయన్న గర్వం ఉంది. ఏళ్ళ తరబడి ఇద్దరిదీ ఒకటే పోటీ. "మా అల్లుడు కలిపి పెట్టినాడు, వచ్చి విను" అని మామగారు ఆయన్ని ఆదివారం టిఫినుకు పిలిచారు.

ఆయన పొద్దున్నే బస్సు దిగారు. తెల్ల చొక్కా, భుజాన కండువా, పరీక్ష పెట్టడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు చూపు. నేను నా ఫోన్‌ని బ్లూటూత్‌తో రిసీవరుకు కలిపి, ఒక నాదస్వరం ముక్క వినిపించాను. పెద్దాయన కండువా సర్దుకుని, "పరవాలేదప్పా. తేనె మాదిరి ఉండాది" అన్నారు. మామగారి ముఖం వెలిగిపోయింది. గండం గడిచిందని నేను పాట ఆపి, ఫోన్ జేబులో వేసుకుని బయట అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. బ్లూటూత్ తెంచాలని తోచలేదు. స్టీరియో ఇంకా 'ఆక్స్' లోనే ఉందని అంతకన్నా తోచలేదు.

లోపల మామగారు స్నేహితుడికి తన కొత్త సీడీ వినిపించబోయారు. శబ్దం రాలేదు. శబ్దం మీట కొంచెం తిప్పారు. రాలేదు. ఎర్ర బొట్టు దాటించారు. రాలేదు. చివరంటా తిప్పేశారు. "ఈ మిషన్లకు ఏమయిందో! ఉండప్పా, స్నానం చేసుకోని వస్తా" అని అలాగే వదిలేసి వెళ్ళారు.

సరిగ్గా అప్పుడు నా ఫోన్‌కి డేవిడ్ వాయిస్ మెసేజ్ వచ్చింది. నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమీ వినిపించలేదు. ఫోన్ శబ్దం పెంచాను.

ఇంట్లోంచి ఉరుములాంటి గొంతు లేచింది. "ఒరే సుధా!"

నన్ను అలా పిలిచేది డేవిడ్ ఒక్కడే. 'వీడెప్పుడు వచ్చినాడు?' అనుకున్నాను. ఒట్టు, నేను అనుకున్నది అదే! వంటింట్లోంచి అత్తగారు కూడా, "డేవిడ్ వచ్చినట్టుండాడు, ఇంకో నాలుగు ఇడ్లీలు పెట్టు హేమా!" అని కేక వేశారు. నేను ఫోన్ శబ్దం ఇంకా పెంచాను, ఇందులో ఏం చెప్పాడో విందామని.

"మీ మామ స్పీకరు కాల్చేసింది ఇంగా చెప్పలేదా? చెప్పొద్దులే! కాలిపోయిందాన్ని తేనె మాదిరి ఉండాది అంటా ఉండాడంటే నాకు నవ్వు ఆగలేదు రా!"

కిటికీ అద్దాలు దడదడలాడాయి. వీధి కుక్క లేచి పరుగు తీసింది. నేను లోపలికి దూకి, స్పీకరుకు రెండు చేతులూ జోడించి, "అరవొద్దు రా!" అని వేడుకున్నాను. స్పీకరు వినలేదు.

"నువ్వు చెప్పింది నిజమే, ఆయన చెవులు కళ్ళజోడు తగిలించుకోడానికే పెట్టుకున్నాడు! కొత్త ట్వీటరు దొరికింది. ఆయన తోపుకు పోయినప్పుడు గప్‌చుప్‌గా మార్చేస్తాం!"

ఫోన్ లాక్ పడిపోయింది. చెమట వేలిని అది గుర్తుపట్టలేదు. పెట్టిన పాస్‌వర్డు నాకే గుర్తు రాలేదు. హేమ పరుగున వచ్చి, "ఆపండి! ఏదో ఒకటి ఆపండి!" అంటూ భయంతో ఫ్యాను ఆపేసింది. గోవిందస్వామి నాయుడు గారు మాత్రం ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని నిశ్చలంగా వింటున్నారు.

"ఇంగోటి, పేర్ణాంబట్టు ముసలాయన వస్తాడంటివే, ఆయన వచ్చినప్పుడు మాత్రం శబ్దం బాగా తక్కువగా పెట్టు. ఎవురికీ వినపడకూడదు, సరేనా?"

మెసేజ్ అయిపోయింది. ఎదురింటి అరుగు మీద నుంచి ఎవరో, "ట్వీటరు అంటే ఏందప్పా?" అని అడిగారు.

స్నానాల గదిలోంచి మామగారు నడుముకు తువ్వాలుతో, ఒంటి నిండా సబ్బుతో వచ్చి నిలబడ్డారు. నేను నేలలోకి ఇంకిపోవడానికి సిద్ధంగా ఉన్నాను. కానీ ఆయన నోరు తెరిచేలోపు పెద్దాయన కండువా దులిపారు.

"నేను అప్పుడే కనుక్కున్నా. మర్యాద కోసం చెప్పలేదు, అంతే."

మామగారు నా మీద నుంచి చూపు తిప్పేశారు. "ఏం కనుక్కున్నావు? తేనె మాదిరి ఉండాదని నువ్వు చెప్పలే?"

"నువ్వు చెప్తివని చెప్తి!"

"నేను చెప్పింది నీకెట్ల తెలుసు? నువ్వు అప్పుడు ఊర్లోనే లేవే!"

"ఫోన్లో నువ్వే వారం నుంచీ తేనె తేనె అని ప్రాణం తీస్తివి కదప్పా!"

సబ్బు ఎండి తెల్లగా పెళుసెక్కేదాకా ఇద్దరూ చెవుల గురించి కొట్లాడుకున్నారు. చివరికి పెద్దాయన మిగిలిన ఇడ్లీ తినేసి, ఇంక ఈ గడప తొక్కనని కోపంగా చెప్పి, పేర్ణాంబట్టు బస్సెక్కి వెళ్ళారు. మామగారు తల తుడుచుకుంటూ నాతో ఒకే మాట అన్నారు: "అల్లుడా, నీ పెట్టెలు వేరే గదిలో పెట్టుకో. నా దాని మీద చెయ్యి పెడితివంటే నీకు ఈ ఇంట్లో కాఫీ లేదు."

డేవిడ్ వచ్చి కొత్త ట్వీటరు బిగించాడు, మామగారి ముఖం చూడకుండా. కథ అక్కడితో ముగిసిందనుకున్నాను. కొన్నాళ్ళకు మేము మళ్ళీ గుడియాత్తంలో ఉండగా మామగారి ఫోన్ మోగింది. స్పీకరులో పెట్టారు. గోవిందస్వామి నాయుడు గారి గొంతు.

"ఏమప్పా, మా వోడు కూడా హోమ్ థియేటర్ తెచ్చినాడు. మా స్టీరియోతో కలపల్లంట. మీ అల్లుడు ఇప్పుడు బాగా నేర్చుకున్నాడు కదా, పంపిస్తావా?"

మామగారు నా వైపు చూశారు. ఆ ముఖంలో అంత ప్రేమను నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు.

"పంపించకుండా ఉంటానా? వచ్చే ఆదివారమే పంపిస్తా!" అని ఫోన్ పెట్టేసి, దగ్గరికి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, చెవిలో నెమ్మదిగా చెప్పారు: "నాకు చేసినట్టే చెయ్యి అల్లుడా. ఏమీ మార్చొద్దు."

కాబట్టి పాఠకులారా, ఊఫరు సాక్షిగా, ఆక్స్ మీట మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ, ఎవరింట్లోనూ, ఒక పెట్టెలోని వైరు తీసి ఇంకో పెట్టెలో గుచ్చను. పేర్ణాంబట్టులో తప్ప. అది పెద్దల మాట, కాదనలేకపోయాను.