ఎర్రకారంలో నూరిన మందు

ఇరవై ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. ఈరోజు నీకు చెప్తాను. నువ్వెవరో నాకు తెలీదు. నేనెవరో నువ్వు అడగొద్దు. జమ్మలమడుగు దగ్గర ఒక చిన్న సంఘానికి పాస్టరు భార్యను. అంతవరకు చాలు.

తప్పు చెప్పేముందు కాస్త గొప్ప చెప్పుకోనీ. తల వంచుకుని మాట్లాడే రకం కాదు నేను. పెళ్లైన వారానికే మా ఆయన సైకిలు వెనక కూర్చుని పల్లెలు తిరగడం మొదలుపెట్టినదాన్ని. ఒళ్లో కంజీర, సంచిలో పాటల పుస్తకం, ఒక మజ్జిగ సీసా. ఆయన వాక్యం చెప్తే నేను పాట ఎత్తేదాన్ని. పులివెందుల పక్క ఒక ఊళ్లో రెండు వర్గాలు కట్టెలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడితే, ఈ మనిషి బైబిలు చంకలో పెట్టుకుని నడిమధ్యకు పోయి కూర్చున్నాడు. "నన్ను దాటుకోని పొండప్పా" అన్నాడు. ఎవరూ దాటలేదు. దూరంగా నిలబడి వణికిపోతూనే, నా మొగుణ్ణి చూసుకుని ఆరోజు ఎంత పొంగిపోయానో! కొండాపురం వైపు మేం కట్టించిన రేకుల గుడి రిజర్వాయరు నీళ్లలో మునిగిపోతే, ఆ జనంతోపాటే కొత్త కాలనీకి పోయి మళ్లీ కట్టాం. రాళ్లు నేనూ మోశాను. వేలిముద్ర వేసే ఆడవాళ్లు నా దగ్గర అక్షరాలు దిద్దుకుని, ఈరోజు గుడిలో నిలబడి వాక్యం చదువుతున్నారు. నలభై ఏళ్లు ఇద్దరం ఒక కాడికి కట్టినట్టు పనిచేశాం. అది అబద్ధం కాదు.

ఇక తప్పు.

ఇరవై ఏళ్ల కిందట ఆయనకు టీబీ వచ్చింది. ప్రొద్దుటూరు డాక్టరు ఎక్స్‌రే చూసి, ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండా మందు వాడాలన్నాడు. ఇంటికొచ్చి ఆయన ఆ చీటీ చించేశాడు. ఆ ఆదివారం గుడిలో అందరి ముందూ నిలబడి, దేవుడే నా వైద్యుడు, నేను మందు ముట్టను అనేశాడు. వేరేవాళ్లకు జ్వరమొస్తే సైకిలు మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయే మనిషి. తన దగ్గరికొచ్చేసరికి ఇంత మొండితనం. అది విశ్వాసమా, పంతమా? ఇప్పటికీ నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా ఆయన దగ్గితే గుడ్డకు రక్తం అంటుకుంటోందని. ఆ గుడ్డలు ఉతికేది నేను.

మరుసటి వారం అక్కను చూసొస్తానని చెప్పి ప్రొద్దుటూరు పోయాను. డాక్టరు కాళ్లావేళ్లా పడి మళ్లీ మందు రాయించుకున్నాను. గొట్టం మాత్ర విప్పితే లోపల ఇటుకరంగు పొడి. పాలల్లో కలిపినా, మజ్జిగలో కలిపినా బయటపడిపోతుంది. ఆ రంగును దాచగలిగింది మా ఇంట్లో ఒక్కటే, ఎర్రకారం. మిగతా మాత్రలు కూడా కలిపి రోట్లో నూరాను. పొద్దున్నే రాగిసంకటి ముద్దకు గుంట చేసి, అందులో ఆ కారం పెట్టి, నెయ్యి వేసి ఆయన ముందు పెట్టేదాన్ని. ఇదేంది ఇంత చేదు అంటే మిరపకాయలు మాడినాయి అనేదాన్ని. అలా ఆరు నెలలపాటు మా ఇంట్లో మిరపకాయలు రోజూ మాడుతూనే ఉన్నాయి.

ఆ మందుకు మూత్రం ఎర్రగా వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. ఆయన బెదరలేదు. జబ్బు కరిగి బయటికి పోతోందని సంతోషించాడు. తర్వాత ఆ మాట సాక్ష్యంలో కూడా చేర్చుకున్నాడు.

సాక్ష్యమంటే తెలుసు కదా, దేవుడు తనకు చేసిన మేలు సంఘం ముందు నిలబడి చెప్పడం. జబ్బు నయమైనప్పటి నుంచి ఆయన పోయిన ప్రతి ఊళ్లో అదే చెప్పాడు. ఒక్క మాత్ర ముట్టలేదు, ప్రార్థనతోనే లేచాను అని. అందరికంటే ముందు ఆమెన్ అని పలికే గొంతు నాది.

ఎందుకు చెప్పలేదు? మొదట్లో, తెలిస్తే మళ్లీ కూలబడతాడని భయం. తర్వాత, ఆ సాక్ష్యం విని జనం వస్తున్నారు కదా అని. దేవుడే నా చేతులతో పెట్టించాడు, ఇందులో అబద్ధమేముంది అని కూడా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మరి దాచడమెందుకు? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పనిలో పడేదాన్ని. అసలు సంగతి ఇంకోటుంది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాకది బాగుండేది. ఆయన మాటకు జనమంతా చేతులెత్తి దేవుణ్ణి స్తుతిస్తుంటే, ఈ మనిషిని బతికించింది నేను, ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు అని లోలోపల మురిసిపోయేదాన్ని.

నాలుగేళ్ల కిందట, మేం మళ్లీ గుడి కట్టిన ఆ కొత్త కాలనీలోనే చెన్నమ్మ ఇంటికి పోయాను. గొర్రెలు మేపుకునే కుటుంబం. ఆమె భర్త ఓబన్నకు అదే జబ్బు. మంచంలో ఎముకల గూడులా ఉన్నాడు. సర్కారు ఆసుపత్రి నర్సమ్మ ఇచ్చిన మాత్రలు సరిగ్గా వేస్తున్నావా అని అడిగాను.

"యాడ మాత్రలమ్మగారూ! నిలిపేసి నెలాయ. అయ్యగారు మందు ముట్టకుండానే బాగైనారు కదా. మాకు నమ్మకం ల్యాదా ఏంది?"

ఆమె చెయ్యి పట్టుకుని దొడ్లోకి లాక్కుపోయాను.

"చెన్నమ్మా, అయ్యగారు మాత్రలు మింగే బాగైనాడు. నేనే కారంలో నూరి పెట్టినా. ఆయప్పకు తెల్దు."

"ఆర్నెల్లూనా?"

"ఆర్నెల్లూ."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "శానా గట్టిదానివమ్మా నువ్వు." అంతలోనే నవ్వు ఆగిపోయింది. "అయితే అయ్యగారు అట్ల చెప్తాంటే, గుడిలో కూచ్చోని ఆమెన్ అంటాండావే? నా మొగుడు సచ్చింటే?"

అక్కణ్ణుంచే నర్సమ్మ దగ్గరికి నడిచాను.

ఓబన్న మళ్లీ మందు మొదలుపెట్టి బతికాడు. చెన్నమ్మ ఎవరికీ చెప్పలేదు. నేను ఆ వారం ఆ ఇంటికి పోయాను కాబట్టి సరిపోయింది. నేను పోని ఇళ్ల సంగతేంటి? ఇన్నేళ్లలో ఎన్ని ఊళ్లవాళ్లు ఆ సాక్ష్యం విన్నారు? విని, ఇంటికి పోయి, మాత్రలు పక్కన పడేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే, వాళ్లు ఇప్పుడు ఉన్నారా? నాకు తెలీదు. తెలుసుకునే దారి కూడా లేదు. ఇంత తెలిశాక కూడా నేను ఆమెన్ అన్నాను. గొంతు తగ్గించి అన్నాను, అంతే.

ఇప్పుడు సంఘపెద్దలు ఆయన సేవ గురించి పుస్తకం వేస్తామంటున్నారు. ఆయనకు చూపు పోయింది. ఆయన చెప్తుంటే నేను నోటుబుక్కులో రాస్తున్నాను. ఈ పొద్దున ఆ జబ్బు దగ్గరికొచ్చాం. ఒక్క మాత్ర ముట్టలేదు, రాసుకో అన్నాడు. ఈ పుస్తకం నేను పోలేని ఇళ్లకు కూడా పోతుంది. పెన్నులో ఇంకు అయిపోయిందన్నాను. అది ఇంకో అబద్ధం. సరేలే అని భోంచేసి పడుకున్నాడు.

ఆ మాట రాయాల్సిన చోట ఇదంతా రాశాను.

లేవగానే రాసింది చదివి వినిపించమంటాడు. రోజూ అంతే. ఇవి కూడా అదే నోటుబుక్కులో వరసగా ఉన్న పేజీలు కాబట్టి చదవాలి. కోప్పడతాడో, ఏడుస్తాడో, ఇక నా చేతి ముద్ద తిననంటాడో. నలభై ఏళ్ల సేవను ఎగతాళి చేశావంటాడేమో. అననీ. మందు పెట్టినందుకు మాత్రం నేను క్షమాపణ అడగను. మళ్లీ ఆ రోజులొస్తే మళ్లీ రోలు కడుగుతాను. ఆమెన్ అన్నందుకు అడుగుతాను. అందుకు క్షమించాల్సింది ఆయనొక్కడే కాదు. మిగతావాళ్ల పేర్లు కూడా నాకు తెలీవు.

మంచం కిర్రుమంటోంది. లేస్తున్నాడు. భయంగానే ఉంది, కానీ గొంతులో అడ్డం తీసేసినట్టుంది.

"ఏమ్మే, రాసినావా?"

రాసినా.