చక్కర్ అంటే చక్కెర కాదు

1985 జూన్, రంజాన్ నెల. పంజగుట్టలో ఒక నర్సింగ్ హోమ్ అంబులెన్స్‌లో నేను నర్సును. గుడివాడ నుంచి వచ్చి అప్పటికి రెండేళ్లు. మధ్యాహ్నం రెండున్నరకు అమీర్‌పేట నుంచి ఫోను.

"మా ఆమెకు ఏడో నెల. పొద్దుగాల నుంచి చక్కర్! జల్ది రండ్రి!"

షుగర్ జబ్బనుకున్నాను. గ్లూకోజ్ సీసాను వ్యానులోనే వదిలి మేడ ఎక్కాను. "షుగర్ ఎన్నాళ్లుగా ఉందమ్మా?"

చాపమీద పడుకున్న నస్రీన్ అంత నీరసంలోనూ నవ్వింది. "షుగర్ ఎవరికి సిస్టర్? చక్కర్ అంటే కండ్లు తిరుగుడు!"

సీసా కోసం కిందికి పరుగెత్తాను.

నాలుక ఎండిపోయింది, బీపీ పడిపోయింది. పొట్టకు ఆనించి బిడ్డ గుండె వినే గొట్టం ఫీటోస్కోప్. దాంతో విన్నాను: నిమిషానికి నూట డెబ్బై పైనే. నూట అరవై దాటకూడదు. వెంటనే డ్రిప్ పెట్టాలి. సూది చూడగానే ఆమె చెయ్యి లాక్కుంది.

"రోజా ఉన్న. మగ్రిబ్ దాకా ఆగుతా."

ఉపవాసం విడిచే సూర్యాస్తమయానికి ఇంకా నాలుగు గంటలు! భర్త కరీం నన్ను గుమ్మం దగ్గరికి పిలిచాడు. "జర కన్నంటుకుంటది, అప్పుడు పెట్టేయండ్రి. నేనేం చెప్ప."

"ఏకాదశినాడు నేను మంచినీళ్లు కూడా ముట్టను కరీం భాయ్. మోసం చేసి నా నోట్లో పోసినవాళ్ల మొహం మళ్లీ చూడను. తెలివిలో ఉన్న మనిషిని అడగకుండా గుచ్చను."

ఆమె పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. "బిడ్డ గుండె దడదడలాడుతోంది. నాలుగు గంటలు ఆగితే దక్కుతుందని మాట ఇవ్వలేను. రోజా నీది, చెయ్యి నీది. ఏం చెయ్యమంటావు?"

ఆమె పొట్టమీద చెయ్యి వేసుకుంది. "రోజా మళ్ల పట్టొచ్చు. బిడ్డను మళ్ల యాడికెళ్లి తేవాలె? గుచ్చు సిస్టర్."

మొదటి పోటుకే నరం దొరికింది! డ్రిప్‌తోనే ఆమెను వ్యాను ఎక్కించాం. పంజగుట్ట చౌరస్తాలో వ్యాను ఇరుక్కుంటే కరీం కిటికీలోంచి "హటో భాయ్, హటో!" అని గొంతు చించుకుంటున్నాడు. నేను మళ్లీ ఫీటోస్కోప్ ఆనించాను.

"నూట యాభై!" అని అరిచాను. "నూట యాభై అంట!" అని అతను రోడ్డంతటికీ చెప్పాడు.

ఆగస్టులో ఆడపిల్ల. జనవరిలో నస్రీన్ ఆ పిల్లనెత్తుకుని వచ్చింది. "గా ఒక్క రోజా నిన్న పట్టేసిన సిస్టర్. చలికాలం గదా, పగలు చిన్నది. మస్తు సులువైంది!"

లెక్క సరిపోయింది. ఆ తర్వాత ఎవరు ఏ బాధ చెప్పినా, ఆ మాటకు అర్థం వాళ్లనే అడిగాను. తెలివిలో ఉన్న ఎవరి చెయ్యైనా, అడిగాకే పట్టుకున్నాను.