చెవి మిషన్ దుకాణంలో మా కుక్క

మా కుక్క తల మీద కుడిచెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పించింది లేదు. ఈ సంగతి ముందే చెప్పుకోవాల్సిన గతి నాది. నేను ఏం చెప్పినా అందులో సగం తీసేసి, మిగిలిన దాంట్లో మళ్లీ సగం తీసేసి నమ్మడం మా కాలనీ వాళ్లకు అలవాటైపోయింది. ఎల్బీనగర్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగి ఆగి నా స్కూటర్ మీద చింతమొలక లేచిందని ఒకసారి చెప్పాను. అది అబద్ధమే, ఒప్పుకుంటాను. మొలక లేచింది హెల్మెట్ మీద.

అల్మాస్‌గూడలో మా పొలాలు పోయి కాలనీలు లేచాక, మిగిలిన ముక్కలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాం. అమ్మ, నేను, నా భార్య, ఒక కుక్క. కుక్క జాతి కుక్కేం కాదు. ఆరేళ్ల కింద పక్క ప్లాటులో ఇసుక కుప్ప మీద దొరికింది. అమ్మ దాన్ని ‘వాడు’ అంటుంది, నన్ను ‘వీడు’ అంటుంది. మా ఇద్దరిలో ఆమెకు ముద్దుల కొడుకెవరో ఇంటికొచ్చిన వాళ్లకు మంచినీళ్లు తాగేలోపే తెలిసిపోతుంది.

మూడేళ్ల నుంచి అమ్మకు వినికిడి తగ్గుతూ వచ్చింది. ముందు కుక్కర్ విజిల్ పోయింది, తర్వాత గేటు చప్పుడు, ఆ తర్వాత మేము. ఆమె దీన్నొక నష్టంగా అనుకోలేదు. నేను ఏదైనా చెప్పబోతే నా భార్య వైపు తిరిగి, “ఏమంటుండు వీడు? నిజమైతే గట్టిగ చెప్పమను, లేకుంటే ఊకొమ్మను,” అనేది.

ఒక రోజు పొద్దున అమ్మ గేటు ముందు ముగ్గు వేస్తుంటే నీళ్ల ట్యాంకర్ వెనక్కి వచ్చింది. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. నేను మిద్దె మీద చాయ్ గ్లాసుతో ఉన్నాను, అరుస్తున్నాను. అమ్మ వంగి చుక్కలు పెట్టుకుంటూనే ఉంది. కుక్క వచ్చి కొంగు పట్టి గుంజితే, దాన్ని తిట్టడానికి నాలుగడుగులు పక్కకు జరిగింది. ముగ్గు డబ్బా టైరు కింద నలిగి రోడ్డంతా తెల్లగా అయిపోయింది. నేను కిందికి దిగి వచ్చేసరికి ఆమె ఇంకా కుక్కనే తిడుతోంది, ఏం ప్రమాదం తప్పిందో తెలియక.

అప్పుడే తీర్మానం చేసుకున్నాను. ఆ చెవికి మిషన్ పెట్టించే దాకా ఇంకో పని లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాంప్లెక్సు మొదటి అంతస్తులో చెవి మిషన్ల దుకాణం ఉంది. అద్దాల తలుపు, ఏసీ, మూలన బయటి చప్పుడు రాని చెక్క గది. పరీక్ష చేసే అమ్మాయి కోస్తా వైపు పిల్ల, ఎంతో ఓపిక. మిషన్ పెట్టి, “వినపడుతోందా మామ్మగారూ?” అని అడిగింది. అమ్మ తల ఊపింది. అన్నం తిన్నారా అంటే ఊపింది, ఆదివారమా అంటే ఊపింది. మూడేళ్లుగా మనుషుల మొహాలు చూసి కాలం గడిపిన మనిషి, తలూపడంలో ఆరితేరిపోయింది. అమ్మాయి నోటికి కాగితం అడ్డం పెట్టుకుని మాట్లాడేసరికి మాత్రం బిగుసుకుపోయింది. వాన పడుతున్నట్టుంది తప్ప ఏం లేదని మిషన్ పీకి బల్ల మీద పెట్టింది.

మెట్లు దిగుతూ మధ్యలో ఆగి, తన షరతు చెప్పింది.

“మీ ముచ్చట్లు ఇనకుంటే నాకేం తక్కువ లేదుర. గని వాడు నోరు తెరుస్తడు, మూస్తడు, ఏమంటుండో తెలుస్తలేదు. వాని మొరుగుడు ఒక్కసారి ఇనిపియ్యి, పెట్టుకుంట. లేకుంటే మల్ల నన్ను గీ మెట్లు ఎక్కియ్యకు.”

నేను వెనక్కి పరుగెత్తి, మిషన్ ఒక్క పూట ఇంటికి ఇమ్మని అమ్మాయిని బతిమాలాను. పరీక్ష మిషన్ గుమ్మం దాటకూడదని ఓనర్ పెట్టిన రూలట. ఆ గుమ్మం మీదే కుక్క బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత. మిషన్ బయటికి రాదు, కుక్క లోపలికి రాదు. ఫోన్లో మొరుగు రికార్డు చేసి తెచ్చి మిషన్‌తో వినిపిస్తానన్నాను. దానికి అమ్మ ఒప్పుకోలేదు. ఫోన్లో నేను ఏమైనా చేయగలనంది. కన్నతల్లి కదా, ఎరుగును.

సరే, కుక్కనే తీసుకెళ్దామనుకున్నాను. కానీ అది పుట్టి బుద్ధెరిగి ఒక్క దుకాణం గుమ్మం ఎక్కింది కాదు. అద్దాల తలుపు, ఏసీ చలి ఒకేసారి చూస్తే బెదిరిపోతుంది. అందుకని రెండు వారాలు అలవాటు చేశాను.

కిరాణా దుకాణంతో మొదలుపెట్టాం. అక్కడి అక్క దానికి రోజూ బిస్కెట్టు వేసే మనిషే కాబట్టి అభ్యంతరం లేకపోయింది. మందుల షాపులో అది నా వెనక బుద్ధిగా లైన్లో నిలబడింది. తర్వాత వచ్చినాయన ఫోన్ చూసుకుంటూ దాని వెనక నిలబడి, లైను కదలకపోతే “జర ముందుకు జరగండి,” అన్నాడు. మన్సూరాబాద్‌లో చెప్పుల దుకాణానికి వెళ్తే అది సోఫా ముందు కూర్చుంది. అమ్మేవాడు స్టూలు లాక్కుని అలవాటు కొద్దీ దాని కాలు పట్టుకున్నాడు, చేతికి వెంట్రుకలు తగిలాక గానీ పైకి చూడలేదు. ఏడో నంబరు ఉందా అని అడిగాను. అతను నవ్వలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో పెద్ద చీరల దుకాణానికి పోతే, చేతిలో ఉన్నవన్నీ కౌంటర్లో పెట్టి పొమ్మన్నారు. ఇది చేతిలో లేదమ్మా, నేల మీద ఉందన్నాను. కౌంటర్ పిల్ల కాసేపు ఆలోచించి, ఒక టోకెన్ నాకిచ్చి, ఇంకోటి కుక్క బెల్టుకు కట్టి లోపలికి లాక్కుంది. పది నిమిషాల తర్వాత వచ్చి చూస్తే, అరలో రెండు హెల్మెట్ల మధ్య కూర్చుని ఉంది. టోకెన్ చూపించేదాకా ఇవ్వలేదు. ఆ దుకాణాన్ని నేను లెక్కలోకి తీసుకోను, లోపలికి వెళ్లింది నేను గానీ అది కాదు కదా.

అన్ని చోట్లా ఇలాగే జరిగిందని కాదు. ఒక బేకరీ వాడు గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టాడు. ఒక పెద్దమనిషి రోడ్డు మీద నిలబెట్టి, చిన్నప్పుడు తనను కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ ఎన్ని సూదులు పొడిచారో చెప్పాడు. ఆయన చెప్పింది నిలబడి మొత్తం విన్నాను. ఆ తర్వాత అలవాటు కోసం ఎక్కడికెళ్లినా, లోపల భయపడే వాళ్లెవరైనా ఉన్నారా అని ముందు నేనొక్కణ్ణే వెళ్లి అడిగి, తర్వాతే దాన్ని తీసుకెళ్లేవాణ్ణి.

అసలు రోజు వచ్చింది. కుక్కను మెట్రో ఎక్కనివ్వరు, బస్సు ఎక్కనివ్వరు. మూడో ఆటోవాడు ఒప్పుకున్నాడు. అమ్మ ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో దొరలాగా అది. కాంప్లెక్సు మెట్ల దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, చేతిలో కర్ర, కుర్చీ కింద టిఫిన్ డబ్బా.

“కుక్కకు పర్మిషన్ లేదు సార్.”

“చిచ్చా, పేషెంటే కుక్క,” అన్నాను.

ఆయన కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు. “కుక్కకు చెవుడా?”

“రెండు చెవులు.”

ఆయన లేచి, వంగి, దాని చెవి పక్కన చప్పట్లు కొట్టాడు. అది టిఫిన్ డబ్బా మీద పెట్టిన చూపు తియ్యలేదు. మళ్లీ కొట్టాడు. కనీసం తోక కూడా కదలలేదు.

“అరె పాపం. మొత్తమే పోయినయి,” అన్నాడు. తర్వాత అమ్మను చూసి, “మరి గీ పెద్దమ్మ ఎందుకొచ్చింది?”

“దానికి తోడు.”

ఆయనే ముందు నడిచి, మెట్లెక్కి, ఎర్రగీత ఉన్న అద్దాల తలుపు తెరిచి పట్టుకున్నాడు.

లోపల ఆ అమ్మాయి కుక్కను చూసి కుర్చీ వెనక్కి వెళ్లింది. “కరవదు కదండీ? ఓనర్‌గారికి తెలిస్తే నన్ను ఉంచరండి,” అంది. ఆ రెండు వారాల్లో మొదటిసారి నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ట్యాంకర్ సంగతి, హారన్ సంగతి, రోడ్డు మీద ముగ్గు పిండి సంగతి. ఆమె నా మాటలు వింటూనే అమ్మను చూస్తోంది. నేల పాడవుతుందని అమ్మ ఒంగి, చీరకొంగుతో కుక్క కాళ్లు ఒక్కొక్కటే తుడుస్తోంది.

“పావుగంటండి. తర్వాత ఇంకో పేషెంట్ వస్తారు.”

అమ్మాయి అమ్మ చెవికి మిషన్ పెట్టింది. మేమందరం కుక్కను చూశాం.

ఇంటి దగ్గర చెత్తబండి వస్తే మొరుగుతుంది, పావురం వాలితే మొరుగుతుంది, తన తోక నీడ చూసి కూడా మొరుగుతుంది. ఇక్కడ చల్లటి టైల్స్ మీద పొట్ట ఆనించి, నాలుగు కాళ్లు చాపి, కళ్లు మూసుకుంది. బిస్కెట్టు చూపిస్తే తిని మళ్లీ పడుకుంది. మాతోపాటు లోపలికొచ్చిన వాచ్‌మన్ కర్రతో నేల మీద కొట్టాడు. నేను తలుపు తెరిచాను, మూశాను, బల్ల మీది గంట నొక్కాను. చివరికి ఆ అమ్మాయి కూడా భయం మరిచి, వంగి, దాని మొహం దగ్గర “భౌ” అని మెల్లగా అని, సిగ్గుపడి లేచి నిలబడింది. అమ్మ ఎవర్నీ చూడటం లేదు. దాని నోరు ఎప్పుడు తెరుచుకుంటుందా అని దాన్నే చూస్తోంది.

ఇంక ఐదు నిమిషాలుంది. మిషన్ తీసేసి మెట్లు దిగితే మళ్లీ ఎక్కదు. మాట అంటే మాటే ఆమెకు.

అప్పుడు హెల్మెట్ తియ్యకుండా ఒక డెలివరీ మనిషి అట్టపెట్టెతో లోపలికొచ్చాడు. కుక్క ఎగిరి లేచి రెండు మొరిగి, ఆగి, మూడోది సాగదీసింది. అమ్మ చెయ్యి చెవి దగ్గరకు పోయింది. “వాడే,” అంది. ఆ మిషన్ ఆమె చెవికి కుదిరింది.

ఇక్కడ ఆపితే బాగానే ఉంటుంది. ఈ కథ కాలనీలో ఇప్పటికి చాలామందికి ఇలాగే చెప్పి ఆపాను కూడా. కానీ చెయ్యి పెట్టింది ఆ కుక్క తల మీద. రాస్తుంటే అది బల్ల కింద పడుకుని నా కాలి మీద గడ్డం ఆనించి ఉంది. ఇక తప్పదు.

డెలివరీ మనిషి రాలేదు. కుక్క మొరగలేదు. మీరు చెప్పుల దుకాణాన్నో, టోకెన్‌నో అనుమానించి ఉంటారు, అవి రెండూ నిజం. నేను కల్పించింది ఆ మనిషిని, ఆ మొరుగును, అంతే.

జరిగింది ఇది. ఐదు నిమిషాలుందనగా, మంచినీళ్లు తాగొస్తానని చెప్పి అమ్మ వెనక వైపు నుంచి తప్పుకుని ఆ చెక్క గదిలోకి దూరాను. తలుపు ఓరగా ఉంచి, గొంతు సర్దుకుని, మొరిగాను. బడిలో ఉన్నప్పటి నుంచి నాకు ఆ విద్య ఉంది. వీధి కుక్కలు నాకు బదులు పలికిన రోజులున్నాయి. మూడుసార్లు మొరిగాను, శక్తి కొద్దీ. సందులోంచి చూస్తే మా కుక్క ఒక కన్ను తెరిచి, నా వైపు చూసి, మూసుకుంది.

అమ్మ కదలకుండా కూర్చుంది. ఆమె చూస్తున్న కుక్క నోరు మూసే ఉంది. కాసేపటికి తల అడ్డంగా ఊపింది.

“వాడు కాదు. వాడు రెండు మొరిగి, ఆగి, మూడోది గుంజుతడు. గీడ మూడు ఒక్క తీరుగున్నయి.” తర్వాత వెనక్కి తిరగకుండానే, “ఒరేయ్, బయటికి రా,” అంది.

వచ్చాను. వాచ్‌మన్ నోరు తెరిచి అమ్మను, కుక్కను, నన్ను మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ అమ్మాయి కుర్చీలో కూలబడింది. “మామ్మగారు నోరు చూసి చెప్పలేదండి. చెవితో విని చెప్పారు,” అంది నాతో, నెమ్మదిగా. కుక్క నిజంగా మొరిగి ఉంటే, దాని దవడ కదలడం చూసి అమ్మ తల ఊపేసేదేమో. అందరికీ ఊపినట్టే.

కానీ షరతు షరతే కదా. కుక్క మొరుగు వినిపించలేదు. మిషన్ పీకి బల్ల మీద పెడుతుందని ఎదురుచూస్తూ నిలబడ్డాను. అమ్మ చెవి మీద వేలు పెట్టి తడుముకుంది. తియ్యలేదు.

“వాడు ఇంటికాడ మొరుగుతడు తీయ్. అప్పటికి గిది చెవిల ఉండాలె గద. ఏం రాయించాల్నో రాయించు.”

అమ్మాయి ఫారం తీసింది. అమ్మ వయసు ఎంతని నన్నడిగింది. మిషన్‌కు వయసుతో పనేముందిలే అని, అమ్మ ముందు నిజం చెప్పడం ఎందుకో నచ్చక, గొంతు తగ్గించి డెబ్బై రెండన్నాను.

“డెబ్బై ఆరు,” అంది అమ్మ, తల ఎత్తకుండానే కుక్క వీపు నిమురుతూ.