అత్త ముందు అడిగిన ప్రశ్న

ఆ రోజు గాంధీనగర్‌లోని ఆ వరండాలో ఉన్నవారు: అవ్వ, ఆమె కోడలు, మనవరాలు, పక్కింటామె. ఉన్నవి: బియ్యం చేట, నా అట్ట, దానికి గుచ్చిన ఫారాలు, రెండు పెన్నులు (ఒకటి ఆగిపోతే ఇంకొకటి). ఆ రోజుల్లో అన్నీ ఇలా లెక్కగా చూసేవాణ్ణి గానీ, చూసినదానికి అర్థం ఉంటుందని తెలియదు. డిప్లొమా ముగించి కేబుల్ ఆఫీసులో చేరి అప్పటికి నెల.

అంతకుముందు మా యజమాని (మేం అన్న అనేవాళ్ళం) అందరికీ ఒకే రేటుకు అన్ని చానెళ్ళూ ఇచ్చేవాడు. కొత్త నిబంధన వచ్చి, విడిగా డబ్బు కట్టే చానెళ్ళను ఎవరికి వాళ్ళే పేరు పెట్టి అడగాలంది. అడిగిన ప్రతి ఇంటి తరఫునా చానెల్ వాళ్ళకు హక్కుల రుసుము పోతుంది, అందులో చిన్న వాటా మాకు మిగులుతుంది. భక్తి చానెల్, పాఠాల చానెల్ మాత్రం ఉచితం.

"నాకేం కావాలప్పా, దేవుని పాటలొస్తే సాలు," అంది అవ్వ. కోడలు అత్త వైపు చూసి "నాకూ అంతే" అంది. మనవరాలు పాఠాల చానెల్ అడిగింది. వీధిలోని ముప్పై రెండు ఇళ్ళూ ఇదే వరస. నేను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను (ఇంత భక్తిగల వీధి నా వంతుకు వచ్చిందని కాస్త గర్వపడ్డాను కూడా).

మరునాడు సాయంత్రం ఏడింటికి సీరియల్ రావాల్సిన చోట నల్లటి తెర వచ్చింది. ఏడుంబావుకు వీధంతా ఆఫీసుకు వచ్చింది.

"మా సీరియల్ యాడికి పాయె? ఇట్లయితే డిష్ పెట్టిచ్చుకుంటాం!"

అన్న ఫారాలు తిరగేశాడు. "ఏందప్పా ఇది, వీధా, మఠమా? డబ్బు చానెల్ ఒక్కటీ లేదే! వీళ్ళు డిష్‌కు పోతే నా వైర్ల మీద బట్టలారేసుకోవల్ల. రేపట్నుంచి నువ్వు రావద్దు."

నా మొదటి ఉద్యోగం అక్కడితో ముగిసేదే. అవ్వ అడ్డుపడింది. "వాన్నెందుకంటావప్పా? నేనూ నా కోడలూ దినామూ పక్కపక్కనే కూచోని చూస్తాం. అట్లని దాని ముందర నోరు తెరిచి సీరియల్ కావాలని నేనెట్ల అడుగుదు? నా ముందర అదెట్ల అడుగుతుంది? లేనిపోని సుళ్ళు చెప్పింది మేము. పిల్లోడు నిజమనుకున్యాడు, అంతే."

ముందు కోడలు నవ్వింది, తర్వాత వీధంతా నవ్వింది, చివరికి అన్న కూడా. "పో, మళ్ళ రాసుకోని రా. ఈ తూరి ఒక్కొక్కర్నే అడుగు," అన్నాడు.

ఇప్పుడు ఒక పెద్ద కేబుల్ కంపెనీ కంట్రోల్ రూములో పనిచేస్తున్నాను. ఎవరినైనా ఏం కావాలని అడిగే ముందు, పక్కన ఎవరున్నారో చూస్తాను. ఆ అలవాటూ ఈ ఉద్యోగమూ అవ్వ పెట్టిన భిక్షే. రెండు పెన్నుల ఆ కుర్రాడు గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది.

రెండోసారి సీరియల్ చానెల్ రాయించుకున్న ఇళ్ళు, యజమాని అన్న ఇల్లు కలిపి, ముప్పై మూడు.